ముఖంలేని ముఖాముఖి

పూర్వం ఉద్యోగానికి పిలుపు వచ్చిందంటే మా అత్తిలిలో ముందు చొక్కా ఇస్త్రీకి వెళ్లేది; ఆ తరువాత మనిషి స్టేషనుకు వెళ్లేవాడు. నిడదవోలులో బండి మారి, పెద్ద ఊళ్లో చుట్టాలింట దిగి, ఎదురుగా కూర్చున్న పెద్దమనుషుల ముఖాలు చూసి, ఉద్యోగం వచ్చేదీ రానిదీ సగం అక్కడే గ్రహించి తిరిగి వచ్చేవాడు. ఇంటర్వ్యూని మనవాళ్లు ముఖాముఖి అని తెలుగు చేశారు. మాట చక్కగా కుదిరింది. తీరా కుదిరాక ముఖమే మాయమైంది! ఇప్పుడు చాలా సంస్థలు తొలి వడపోత టెలిఫోనులోనే కానిస్తున్నాయి. 2020లో కరోనా వచ్చి అందర్నీ ఇళ్లలో కూర్చోబెట్టాక ఈ అలవాటు మరీ బలపడింది.

గ్రాహంబెల్ 1876లో టెలిఫోను కనిపెట్టాడు. 1882 నాటికే కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు వెలిశాయి. ఆ యంత్రం మనిషి కంఠాన్ని మోసుకుపోతుంది గాని, వినయంగా చేతులు కట్టుకుని నిలబడటాన్ని మోసుకుపోలేదు. మన శాస్త్రకారులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పారు. టెలిఫోను వాచికాన్ని మాత్రం లోపలికి రానిచ్చి తక్కిన మూడింటినీ గుమ్మం బయట నిలబెడుతుంది. సాత్త్వికంలో ఒక్క స్వరభేదం మాత్రం, అంటే గొంతు వణుకు, పిలవకుండానే లోపలికి వస్తుంది.

ఈ సంగతి నేను ఇంతగా ఆలోచించడానికి కారణం మా కాలేజీలో సైన్సు చదివిన ఒక అమ్మాయి. కొల్లేటివైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తండ్రి కౌలు రైతు. పై చదువుకు డబ్బు లేదు. ఉద్యోగం రాకపోతే వైశాఖంలో పెళ్లి చేసెయ్యాలని ఇంట్లో నిర్ణయమైపోయింది.

“సైన్సు నాకు వచ్చండి మాస్టారూ. మాటాడ్డమే రాదండి,” అన్నది.

మాటకు సంబంధించినదేదైనా తెలుగు మాస్టారి శాఖేనని మా ఊరివాళ్ల నమ్మకం. అంచేత మూడు రోజులు సాధన చేయించాను. నేను పక్కగదిలో కూర్చుని ఫోను చేసేవాణ్ణి. ఆమె జవాబు చెప్పాలి. మొదటిరోజు ఒక ప్రశ్న అడిగితే ఎంతకీ పలకదు. వెళ్లి చూద్దును గదా, తల ఊపుతున్నది! ముఖాముఖిలో తల ఊపితే చాలును గాని, ఇక్కడ “అవునండి” అని నోటితో అనవలసిందే.

రెండోరోజు జవాబులన్నీ కాగితంమీద రాసుకుని అప్పచెప్పింది. చదివే గొంతు వేరు, చెప్పే గొంతు వేరు. చెవి ఇట్టే పట్టేస్తుంది. ఒక్కో జవాబుకు రెండేసి మాటలు మాత్రం రాసుకోమన్నాను. పద్యానికి యతిలాగే మాటకూ విశ్రాంతి ఉండాలి. అవతలివారు వాక్యం ముగించాక ఒక్క క్షణం ఆగాలి. టెలిఫోనులో ఇద్దరూ ఒక్కసారే మాట్లాడితే ఇద్దరిదీ పోతుంది. వినబడకపోతే మళ్లీ అడగాలి. ఊహించి జవాబు చెప్పకూడదు. అడిగేవారి పేరు వినగానే రాసుకోవాలి.

మూడోరోజు ఇంటిని సిద్ధం చేశాం. ఫోను నిండా చార్జింగు పెట్టించాం. దరఖాస్తు నకలు, కలం, మంచినీళ్లు దగ్గర పెట్టించాం. సిగ్నలు డాబామీద బాగుంటుంది గాని గాలిహోరు ఎక్కువ; వీధిగదే మేలనుకున్నాం. ఆ పూట కుక్కరు పెట్టవద్దని తల్లికి చెప్పాం. పెరట్లో కోడిపుంజుకు మాత్రం చెప్పలేం గనక దాన్ని పొరుగింటికి పంపించాం.

ఆ సాయంత్రమే మేనమామ ఒక ఉపాయంతో దిగాడు. “ముఖం కనబడదు గదా! కొంత డబ్బిస్తే పిల్ల పేరుతో గలగలా మాట్లాడేవాళ్లు ఉన్నారు,” అన్నాడు. తండ్రి నావైపు చూశాడు. నేను నోరు విప్పేలోగా ఆ అమ్మాయే అన్నది: “ఇవాళ నా బదులు మాటాడినవాళ్లు రేపు చెరువుగట్టున నా బదులు నిలబడతారా మావయ్యా? రైతు నీళ్లు తెచ్చి నా చేతికేగా ఇస్తాడు?” మేనమామ కండువా దులుపుకుని లేచాడు.

మర్నాడు పదింటికి ఫోను మోగింది. నేనూ తండ్రీ అరుగుమీద కూర్చున్నాం. తలుపు వేసి ఉన్నా ఆమె మాట వినబడుతూనే ఉన్నది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజను ఎందుకు తగ్గుతుందని అడిగినట్టున్నారు. పగలు ఎండలో నాచు ఆక్సిజను తయారుచేస్తుందనీ, రాత్రి ఆ నాచుకూడా రొయ్యలతోపాటు దాన్ని పీల్చుకుంటుందనీ, అందుకే తెల్లవారేముందు ఏరేటర్లు తప్పనిసరి అనీ చెప్పింది. మరో ప్రశ్నకు, “ఆ మీటరు నేను వాడలేదండి. కాలేజీలో వింక్లర్ పద్ధతిలో టైట్రేషను చేశాం. నేర్పితే నేర్చుకుంటానండి,” అన్నది. గొంతు ఒక్కసారి వణికింది. ఆగి, నీళ్లు తాగి, సర్దుకున్నది.

తండ్రి నా చెవిదగ్గరికి వచ్చి, “మాటాడేది మా అమ్మాయేనంటారా మాస్టారూ?” అన్నాడు.

పది రోజులకు ప్రయోగశాలకు రమ్మని కబురు వచ్చింది. అక్కడ చేతిపని చూసి తీసుకున్నారు. పెళ్లిమాట వాయిదా పడింది. మేనమామగారు ఇప్పుడు తమ కుర్రవాణ్ణి రోజూ నా దగ్గరికి పంపిస్తున్నారు. అతనికీ సైన్సు వచ్చునట, మాటే రాదట!