23 కిలోల సాహిత్యము

ఏడాదిపాటు ముట్టని వస్తువు ఇంట నుండరాదనియు, కనుక మా బీరువాలోని చదువని పుస్తకములను ఎవరికైన దానము చేసివేయుట మేలనియు, మా వీధిలోని ఒక ఇంగ్లీషు పెద్దమనిషి తేనీరు త్రాగుచు నాకు మిక్కిలి మర్యాదగా హితవు చెప్పి పోయెను. ఆ మర్యాదయే నాకు కష్టము కలిగించినది. మాంచెస్టరులో వేయి పుటల ‘వేయిపడగలు’ దానము పట్టువారెవరు? ఆయనకేమి! 1653లో వెలసిన చీథమ్ గ్రంథాలయము మొదలు 1852 నుండి నడచుచున్న పురగ్రంథాలయము వఱకు ఊరంతయు ఆయన బీరువాయే. ఆ ఏర్పాటునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. మాకు వేటపాలెములో 1918 నుండి సారస్వత నికేతనము లేదా అని నేనును అంటిని గాని, వేటపాలెము మా వీధి చివర లేదు గదా!

నా పుస్తకములు తూకము గెలిచి వచ్చినవి. విమానమువారు పెట్టెకు అనుగ్రహించు 23 కిలోలలో ఆవకాయ, గోంగూర, సున్నుండలు, చల్లమిరపకాయలు ముందుగా చోటు చేసికొనును. వానిలో ఏది తీసినను అలుగుట కొకరున్నారు, పుస్తకమునకు అలిగెడి అత్తగారు లేరు. శంషాబాదులో త్రాసు ముల్లు దాటినదన్నంతనే పదిమంది చూచుచుండగా పెట్టె విప్పి, సీసాల నడుమ నుండి పుస్తకములు లాగి, మే నెల ఉక్కలో చలికోటు తొడిగి, దాని జేబులలో కథాసంపుటములు కుక్కికొని చెమటలు కార్చుచు విమానమెక్కిన వానికి, ఇచ్చివేయుమని చెప్పుటకు నోరెట్లు వచ్చును?

ఇప్పుడు ఆ పుస్తకములను ఒక్కటొక్కటిగా చదువుచున్నాను. ప్రస్తుతము ‘కాశీయాత్రచరిత్ర’. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, పల్లకీలతో, బోయీలతో, డేరాలతో, పెద్ద పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. త్రోవలోని ఊళ్లలో ఏ సామాను దొరకునో, ఏది దొరకదో ఆయన శ్రద్ధగా వ్రాయుచుండగా, నా మనస్సు మాత్రము ఆయన సామాను నెవరును తూచలేదన్న అసూయతోనే పుటలు త్రిప్పుచున్నది.

మా నాన్నగారు సుల్తానుబజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నుండి తెచ్చిన పుస్తకమును, చిమ్నీ తుడిచి దీపము దగ్గరకు జరుపుకొని, గడువు లోపలనే ముగించి ఇచ్చివేసెడివారు. ఆ యింట చదువని పుస్తక మనునది లేకుండెను. కొనుటయు చదువుటయు ఒకే యూర జరుగువారికి ఆ భాగ్యము చెల్లును. సెలవుల రెండువారములలో ఏండ్లకు సరిపడ కొనవలసిన వానికి బీరువా నిండక యేమగును?

కావున ఈ దిక్కునకు ప్రయాణము కట్టిన చదువరులకు ఒక మనవి. ఆవకాయ ఇచటి అంగళ్లలోనే దొరకుచున్నది, నాకై తేవలదు. ఆ సీసా బరువునకు పుస్తకములు తెండు. చదువుట సంగతి నేను చూచుకొందును.