ప్రక్షిప్తము

2013వ సంవత్సరము నవంబరు మాసమున, దీపావళి మరునాడు, మహారాష్ట్రులు పాడ్వా యని వేడుక చేసికొను పాడ్యమినాటి రాత్రి, మొదటి ఆట ముగిసి టాకీసు తలుపులు తెరచుకొనగానే, నా చిటికెనవ్రేలు పట్టుకొని నడచుచున్న నా మనుమడు, నాలుగవ తరగతి చదువుచున్నవాడు, ఆ వయసువారికే చెల్లిన గణితనిష్ఠతో నన్నొక ప్రశ్న యడిగెను: “తాతా, మూడోది చూసినం గదా, మరి రెండోది ఎప్పుడు చూపిస్తవ్?”

మేము చూచివచ్చినది ‘క్రిష్ 3’. బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పుట నేననుకొన్నంత సులభము కాలేదు. రాకేశ్ రోషన్ 2003లో ‘కోయీ మిల్ గయా’ యని యొక చిత్రమును తీసెను. అందు బుద్ధిమాంద్యముగల రోహిత్ అను యువకునకు అన్యగ్రహమునుండి వచ్చిన జాదూ యను జీవి శక్తి నొసగును. 2006లో రోహిత్ కుమారుడగు కృష్ణుడు నల్లని అంగీ తొడిగి, ముసుగు ధరించి, ‘క్రిష్’ అయ్యెను. ఏడేండ్లకు ఆ కథయే మరల సాగినపుడు దానికి ‘క్రిష్ 3’ అని నామకరణము చేసిరి. కథ లెక్కకు ఇది మూడవదే, పేరు లెక్కకు మాత్రము ఒకటి వెంట మూడు వచ్చినది. సముద్రమును లంఘించినవాడు అంకెను లంఘించుటలో ఆశ్చర్యమేమున్నదని నేను లోలోపల నవ్వుకొంటినిగాని, లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొను పిల్లవానికి అది సమాధానమగునా? “ఇంటికి పోయినంక చెప్త” నని తప్పించుకొంటిని.

మా ఊరిని వృద్ధులిప్పటికిని చాందా యనియే పిలుతురు. చంద్రపూర్ అని పేరు మారినది 1964లో. బొగ్గుగనులను, బల్లార్పూరు కాగితపు మిల్లును నమ్ముకొని, కాజీపేటనుండి బల్లార్షాకు వచ్చు రైలెక్కి, ఒక తరము తెలుగువారు ఇచ్చట దిగి, తిరుగు రైలు సంగతి మరచిపోయిరి. ప్రాణహిత యొడ్డున తెలుగు మాటాడు సిరొంచ సైతము 1982లో గడ్చిరోలి వేరు జిల్లా యగువరకు మా జిల్లాలోనిదే. ఇట్టి ఊరిలో మనుష్యునకు ఇంట నొక భాష, బజారున నొక భాష, టాకీసున నొక భాష. ‘క్రిష్ 3’ తెలుగులోనికి అనువదింపబడి ఆంధ్రదేశమున ఆడుచుండగా, మేము దానిని హిందీలో చూచి, మరాఠీలో టీ తెప్పించుకొని, తెలుగులో తిట్టుకొంటిమి.

తిట్టుకొనుటకు తగిన స్థలము కూడ మా ఊరిలో కలదు. జట్‌పురా ద్వారమునకు అనతిదూరమున, గోండురాజుల కోటగోడ నల్లరాళ్లు వీథిదీపపు పసుపు వెలుతురులో తడిసినట్లు మెరయుచుండు మలుపున, ఒక టీ బండి. దానిని ఆనుకొని యొక పానుకొట్టు. ఆ కొట్టువాడు పొగాకును, వక్కముక్కలను, సున్నమును పలుచని ప్లాస్టిక్ కాగితమున పోసి, దానిని మడచి, అరచేతి మడమతో పలకపై నొక్కి, రాచి, మరల నొక్కి, మరల రాచి, లోపలి పదార్థమంతయు ఒక్క రంగునకు వచ్చువరకు విసుగుచెందక ఖర్రా తయారుచేయును. ఆ రాపిడి చప్పుడు చాందా రాత్రులకు తంబురశ్రుతి వంటిది. నిషేధాజ్ఞలు ఎన్ని వచ్చినను శ్రుతి తప్పలేదు. ఆ పదార్థము మంచిదని నేననను, దానివలన నోళ్లు పాడైనవారిని ఎందరినో ఎరుగుదును. కాని ఆ చప్పుడు లేనిచో మా వాదములకు తాళము కుదురదు.

ఆ రాత్రి వాదమును మొదలుపెట్టినవాడు నా మేనల్లుడు. ఇంజనీరింగు చదువుచుండెను. ‘క్రిష్’ వచ్చిన యేడు పన్నెండేండ్ల బాలుడు. దుప్పటిని భుజములకు కట్టుకొని మా డాబామీదినుండి ప్రక్కవారి డాబామీదికి దూకి కాలు విరుగగొట్టుకొన్నవాడు. అట్టివాని కోపమునకు అస్థిగతమైన ఆధారమున్నది.

“చక్రాల కుర్చీల కూసుండి మనసుతోనే వస్తువులు కదిలిచ్చెటోన్ని మనం ఇంతకుముందు చూడలేదా మామా? రూపం మార్చే పిల్లను చూడలేదా? మొత్తం ఎక్స్-మెన్ కెల్లి ఎత్తుకొచ్చిండు. గా కప్ప నాలుకేంది? పిల్లల చేతిల ఐస్‌క్రీం నాకనీకి క్రిష్‌కు శత్రువా?”

వాని మిత్రుడొక మరాఠీ యువకుడు, మా వీథిలోనే పుట్టి పెరిగినందున తెలుగును మాకంటె తొందరగా మాటాడువాడు, అడ్డుపడెను: “కాకా, మీరే చెప్పుండ్రి. గ్రాఫిక్స్ అంతా మనోళ్లే చేసిండ్రు, షారుఖ్ కంపెనీల. ఇంత పెద్దగ ఇక్కడ ఎవడన్న చేసిండా? దానికి దాద్ ఇయ్యరా?”

“గ్రాఫిక్స్‌కు దాద్ ఇస్త. కథకు ఎవనికియ్యాలె?”

అచ్చటినుండి వాదము వసూళ్లమీదికి పోయినది. దానిని నేను వ్రాయను. ఆ చిత్రము గడించిన కోట్ల లెక్కపై పత్రికలే తమలో తాము కలహించుకొనినవి, ఆ కలహమును ఖర్రా చప్పుడులో మరల వినుట నాకు రుచించలేదు. నా మనస్సు వేరొక దిక్కునకు పోయినది.

పూర్వము మన రసికులకు ఒక గొప్ప సౌకర్యముండెను. శ్రీరామ పట్టాభిషేకముతో కడుపునిండిన శ్రోతకు ఉత్తరకాండ మ్రింగుడుపడలేదు. అంతటి రాముడు, అగ్నియందు శోధింపబడిన ఇల్లాలిని, నిండుచూలాలిని, ఎవడో అన్న మాటకై అడవికి పంపునా యని వాని గుండె మండినది. అపుడు వాడు వాల్మీకిని నిందింపలేదు. ఇది వాల్మీకి వ్రాతయే కాదు, తరువాత నెవరో జొనిపిన ప్రక్షిప్తము, అనెను. పండితులు దానికి ప్రమాణములు వెదకి యిచ్చిరి. వాదము నేటికిని తెగలేదు. ఆ మాత్రముతో తృప్తిపడనివాడు భవభూతి వలె తానే కలము పట్టి, సీతారాములను కలిపియే నాటకమును ముగించెను. నచ్చని కొనను తెంచి తనకు నచ్చిన కొనను అతుకుకొను అభిమాని ఈనాటివాడని ఎవరనగలరు? ఇంతకును ఆ ప్రక్షిప్తమే 1934లో ఒకమారు, 1963లో రంగులలో మరియొకమారు ‘లవకుశ’యై, పల్లెలకు పల్లెలను బండ్లు కట్టించి రప్పించి యేడ్పించినది.

పాపము, నా మేనల్లునకు ఆ సౌకర్యము లేదు. మొదటి రెండింటిని తీసిన చేయియే మూడవదానిని తీసినది; నాయకుడు ఆ హృతిక్ రోషనే; సంగీతమును కూర్చినవాడు దర్శకుని సోదరుడు ఆ రాజేశ్ రోషనే. పేర్లన్నియు తెరపై పెద్ద అక్షరములలో పడినవి. దేనిని ప్రక్షిప్తమనవలెను? తన కాలు విరుగగొట్టిన వీరుని, ఆ వీరుని సృజించినవాడే తక్కువచేసెనని ఒప్పుకొనవలసి వచ్చినప్పుడు కలుగు రోషము శత్రువుపై కలుగు రోషము వంటిది కాదు. ఆస్తి పంపకములలో తండ్రి తమ్మునివైపు మొగ్గెనని తెలిసిన పెద్దకొడుకు రోషము వంటిది.

ఇంతలో, అంతవరకు మాటాడక తన ఖర్రా కొరకు ఎదురుచూచుచున్న మా యిరుగింటివాడు నోరు విప్పెను. భూగర్భగనిలో ఇరువదియేండ్లుగా పనిచేయుచున్నవాడు. సినిమాలను గూర్చి ఆయన అభిప్రాయము నెవరును ఏనాడును అడుగలేదు.

“అన్నా, నాకొక్క ముచ్చట సమజ్ కాలే. మొదట్ల వాడు ఎవరినో కాపాడనీకి పోతడు, డ్యూటీకి లేటయితడు, నౌకరీ పోతది. ఇంకోటి పట్టుకుంటడు, అదీ పోతది. గదే కథ అనుకున్న. పొద్దుగాల షిఫ్టుకు పది నిమిషాలు లేటయితే నాకు హాజరీ పడది. లోకాన్ని కాపాడుకుంట వాడు హాజరెట్ల ఏయించుకుంటడో చూద్దామని కూసున్న. గా ముచ్చటే మర్చిపోయిండ్రు. జంతువులను తెచ్చిండ్రు.”

కొట్టువాని చేయి ఒక క్షణము ఆగినది. మేనల్లుడు ఏదో యనబోయి మానుకొనెను. నేను జీవితమంతయు పాఠములు చెప్పినవాడను. అయినను కథాశిల్పమునందలి మర్మమును ఇంత తక్కువ మాటలలో చెప్పగలవానిని అంతకుముందు చూడలేదు.

బలవంతుని కథకు బలమే శత్రువు. ఒకమారు ఆకాశమున ఎగిరినవానిని రెండవమారు ఎగురవేసినచో చూచువాడు తల యెత్తడు. అందుచేత కథకుడు ఎదుటి పక్షమున బలమును పెంచును. దానిని గెలుచుటకై నాయకుని బలమును మరికొంత పెంచును. వడ్డీపై వడ్డీ పెరిగినట్లు ఇరుప్రక్కల బలము పెరుగుచుండగా, భయము మాత్రము తరుగుచుండును. మన పౌరాణికులు ఈ చిక్కును ఏనాడో గ్రహించిరి. హనుమంతుని బలమునకు మేర లేదు. మేర లేనిచో కథ లేదు. కావున మునులచేత శాపమిప్పించిరి: తన బలమును తానే మరచియుండునట్లును, ఇంకొకరు జ్ఞప్తికి తెచ్చినగాని అది మేల్కొనకుండునట్లును. సముద్రతీరమున దిగులుతో కూర్చున్న ఆ వానరునియొద్దకు జాంబవంతుడు వచ్చి, నీవెవ్వడవో ఎరుగుదువా యని అడిగిన ఘట్టమున శ్రోతకు పుట్టు పులకరింత, లంకాదహనమున సైతము పుట్టదని నా మతము. మౌసలపర్వమున అర్జునుడు గాండీవమును ఎక్కుపెట్టుటకే చెమటోడ్చును. కళ్లయెదుటనే దొంగలు యాదవస్త్రీలను లాగుకొనిపోవుదురు. తిక్కన దానిని తెలుగు చేయునాటికి కురుక్షేత్ర విజయము శ్రోతల రక్తమున కలిసియున్నది; అయినను వారు ఆ యోటమిని సహించిరి, ఏలయన అది వారికి తెలిసిన వార్ధక్యము. డ్యూటీకి ఆలస్యమైన క్రిష్ మా యిరుగింటివానికి అట్టి శాపగ్రస్తుడుగా తోచెను. ఆ శాపమును దర్శకుడు అరగంటలో విడిపించివేసెను.

ఈ లోపము మనవారికే కలదని యెంచవలదు. క్రిస్టఫర్ రీవ్ ధరించిన సూపర్‌మాన్ 1978లో లోకమును మురిపించి, 1987లో నాలుగవ భాగమునకు వచ్చుసరికి, భూమిమీది అణ్వాయుధముల నన్నిటిని వలలో మూటగట్టి సూర్యునిలో విసరివేసెను. నిర్మాతలు ఖర్చు తెగ్గోసినందున ఆ మూటయు, ఆ ఆకాశమును చూచువారికి నమ్మదగినవిగా లేకపోయెను. 2007లో తెలుగు మాటలతో కూడ వచ్చిన మూడవ స్పైడర్‌మాన్‌పై ముగ్గురు విరోధులను ఒకేమారు తోలిరి, అభిమానులు నొచ్చుకొనిరి, అయినను ఆ దర్శకుడు తీసిన మూడింటిలోను అధికముగా గడించినది అదియే. ఈ విషయమున నాకు ముచ్చటయైనది 1980లో మన రామారావుగారు నటించిన ‘సూపర్‌మాన్’. అందు నాయకునకు శక్తినొసగినవాడు అన్యగ్రహవాసి కాడు, ఆంజనేయుడే. దానికి రెండవ భాగము రాలేదు, కనుక ఎవరినైనను నిరాశపరచు పాపమును మూటగట్టుకొనలేదు. జాదూ సంగతి అట్లు కాదు. ఎండ తగిలినగాని శక్తిరాని ఆ జీవి, మే మాసమున 46 డిగ్రీలు దాటు మా చాందాలో దిగియుండినచో మూడు లోకములను ఏలియుండునని మా వీథిలో నానుడి.

పండ్రెండేండ్లు గడచినవి. నా మేనల్లుడు పుణెలో ఉద్యోగి. వాని మిత్రుడు ఊరిలోనే బడిపంతులు. ఇరుగింటివాడు గని వదలి విశ్రాంతి తీసికొనుచు, హాజరు లేని దినములతో ఏమిచేయవలెనో తోచక నాయింటికి వచ్చి కూర్చుండును. 2025 మార్చి నెలలో, నాలుగవ క్రిష్‌కు హృతిక్ రోషనే దర్శకత్వము వహించునని ఆయన తండ్రి రాకేశ్ రోషన్ ప్రకటించిన వార్త వచ్చిన కొలదిదినములకు, సెలవుపై అందరును ఊరు చేరి, ఆ మలుపుననే, ఆ టీ బండి యొద్దనే కలిసితిమి. పానుకొట్టున ఇప్పుడు తండ్రికి బదులు కొడుకు కూర్చుండును. చేయి మారినది, రాపిడి మారలేదు.

“ఈసారన్న పాత క్రిష్ లెక్క తీస్తే చాలు మామా,” అని నా మేనల్లుడు నిట్టూర్చెను. కాలు విరిగిన చోట ఇప్పటికిని చలికాలమున నొప్పివచ్చునట.

నా ప్రక్కన నిలిచి టీ ఊదుకొనుచున్న మనుమడు, ఇప్పుడు నాకంటె జానెడు పొడవరి, నాగపూరులో చదువుచున్నవాడు, తల యెత్తెను.

“అవును మామా. కప్పోడు నాలుక చాపి ఐస్‌క్రీం గుంజుకునుడు యాదుందా? గసొంటిది లేకుంటే నేనైతే ఒప్పుకోను.”

మేనల్లుని చేతిలోని గాజుగ్లాసు పెదవికి చేరక మధ్యమున ఆగిపోయెను. “గది పాతదారా? గది మూడోది!”

“నేను టాకీస్ల చూసిన మొదటి క్రిష్ గదే గదా,” అని వాడు నిర్మలముగా పలికెను. “సూరీని తేజస్సు కొడుకుకిచ్చి తండ్రి చచ్చిపోతడు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏం తక్కువుంది దాంట్ల?”

ఇరుగింటివాడు ఖర్రా పొట్లము విప్పుచు విరగబడి నవ్వెను. బడిపంతులు తనకు పండ్రెండేండ్ల తరువాత దొరికిన సాక్షిని చూచి రెండవ టీ తెప్పించెను. మేనల్లుడు మొదటినుండి కథ నెత్తుకొని, 2006 నాటి క్రిష్ ఎట్లు పరుగెత్తెనో, ఎట్లు దూకెనో, చేతులు త్రిప్పుచు వివరింపసాగెను. మనుమడు శ్రద్ధగా విని, కడపట నావైపు తిరిగెను. వానికి రెండవది నేను ఇంతవరకును చూపనేలేదు.