భీంను చూద్దామని పోయిన ఎండాకాలం



ఎండలు మళ్లీ ముదురుతున్నాయి. గ్రూపులో కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు "ఆర్ఆర్ఆర్‌లో మన భీం గురించి చూపించింది నిజమేనా?" అని అడుగుతున్నారు. ఒక్క ముక్కలో చెప్పేది కాదు కాబట్టి, 2022లో మేం ఆ సినిమాకు పోయిన సంగతి మొత్తం రాస్తున్నాం.

ఆ ఏడాది మార్చి లాంటి మార్చి 122 ఏళ్లలో రాలేదని వాతావరణ శాఖ వాళ్లు లెక్క తేల్చారు. మాకైతే ఆ లెక్కతో పని లేకపోయింది. ఉట్నూర్‌లో ఐదుగురం కలిసి కిరాయికి తీసుకున్న రేకుల రూంలో పదింటికే తల మీద పెనం పెట్టినట్టు ఉండేది. ఫ్యాను వేస్తే వేడి గాలి, ఆపితే ఉడక. తడి తువ్వాల కప్పుకొని చదువుకునేవాళ్లం. ఊళ్లలో అమ్మలు మాత్రం తెల్లారకముందే గంపలు పట్టుకొని ఇప్పపూలకు పోయి, ఎండెక్కే సరికి ఇంటికొచ్చి అంబలి తాగి చెట్టు కింద కూసునేవాళ్లు. ఎండను ఎట్ల తప్పించుకోవాలో వాళ్లకు తెలుసు. రేకుల కింద మాకు ఆ దారి కూడా లేదు.

అప్పుడే మార్చి 25న సినిమా వచ్చింది. మన కొమురం భీం, అదీ అంత పెద్ద తెర మీద! పైగా థియేటర్‌లో ఏసీ ఉంటదన్న ఆశ. టికెట్‌కు, బస్సు చార్జీకి అయ్యే పైసలకు ఇంట్లో ఎన్ని కట్టల తునికాకు కోయాలో మాకు తెలుసు. కట్టకు యాభై ఆకులు. అయినా పోయినం.

మిట్టమధ్యాహ్నం ఆదిలాబాద్ బస్సు. కిటికీ ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇంద్రవెల్లి వచ్చినప్పుడు కాసేపు ఎవరం మాట్లాడలేదు. 1981 ఏప్రిల్ 20న మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపింది కూడా ఇట్లాంటి ఎండల్లోనే. ఆ రోజు సంగతి ఎరిగిన పెద్దవాళ్లు మాలో ఇద్దరి ఇళ్లలో ఉన్నారు.

థియేటర్‌లో ఏసీ అరగంట నడిచి ఆగిపోయింది. చెమటలు కారుతున్నా భీం కనబడగానే ఈలలు వేసినం. 'కొమురం భీముడో' పాటకు మా కళ్లల్లో కూడా నీళ్లు తిరిగినయి. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ కథ ముందుకు పోయేకొద్దీ లోపల ఏదో వెలితి. సినిమా చివర్లో భీం రామరాజును చదువు అడుగుతాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాటలు రాసిచ్చేది రామరాజు.

బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడ్డం. మాలో చిన్నోడు అడిగిండు: "దాదా, మన భీంకు చదువు రాదా?"

ఆ ప్రశ్న మమ్మల్ని ఎండ కన్నా ఎక్కువ కాల్చింది. ఇంట్లో ఆ కథ విన్న పిల్లగాడే అట్ల అడిగితే, సినిమా తప్ప ఇంకేం తెలియని వాళ్ల సంగతేంది?

ఇదీ మన పెద్దలు, పుస్తకాలు చెప్పే మాట. భీం ఊరు వదిలి పోయినప్పుడు విఠోబా అనే ఆయన దగ్గర పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసిండు. తిరిగొచ్చి జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టిండు. ఆయన కొట్లాట నిజాం సర్కారు మీద, అడవిలో పశువులు మేపినా పన్ను, పోడు కొట్టినా కేసు అన్న అధికారుల మీద. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిండు. అల్లూరి సీతారామరాజు మన్యంలో పోరాడి 1924లోనే అమరుడైండు. ఇద్దరూ మనకు గౌరవమే, కానీ కలిసి తిరిగింది లేదు.

ఇంకో సంగతి. భీం పోయిన తర్వాతే నిజాం సర్కారు భయపడి, గోండుల కష్టాలేంటో చూడమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పని చేసిండు. గోండి బడులు మొదలైంది అప్పుడే. అంటే మన గూడేలకు వచ్చిన చదువు వెనుక కూడా జోడేఘాట్ నెత్తురు ఉంది.

సినిమా వాళ్లు అది కల్పన అనే చెప్పారు. దాని మీద మాకు కేసు లేదు. ఆ పాటకు ప్రపంచం చప్పట్లు కొడితే మేమూ సంతోషపడ్డం. మా బాధల్లా ఒకటే: అక్షరాన్ని చెమటోడ్చి సంపాదించుకున్న మనిషిని, అది అడుక్కునే మనిషిగా చూపించారు. మనల్ని కూడా బయట ఇప్పటికీ అట్లనే చూస్తారు. కాలేజీలో "రిజర్వేషన్ సీటా?" అనే చూపు మనలో ఎవరికి తెలియదు?

అందుకే ఒక మాట. ఈ సెలవుల్లో ఇప్పపూలకో తునికాకుకో ఇంటికి పోతారు కదా. మధ్యాహ్నం ఎండకు ఎట్లాగూ బయట తిరగలేం. ఇంట్లో తాతను, అవ్వను జోడేఘాట్ గురించి, ఇంద్రవెల్లి గురించి అడగండి. గోండిలోనే చెప్పనీయండి, మధ్యలో అడ్డు తగలకండి. ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరు, తారీఖు రాసి పెట్టుకోండి. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కలిసినప్పుడు అన్నీ ఒకచోట చేర్చుకుందాం.

జై సేవా.