ఆరని నలుపు

కర్నూలు నగరంలో కొండారెడ్డి బురుజుకు కొంత దూరంలో ఒక ఛాయాచిత్రశాల ఉండేది. దాని యజమాని నలుపు తెలుపు చిత్రాల కాలంలో చీకటిగదిలో పని నేర్చినవాడు. ఎర్రదీపపు వెలుగులో, రసాయనాల పళ్లెంలో, తెల్లకాగితం మీద ఒక ముఖం మెల్లమెల్లగా తేలివచ్చే దృశ్యాన్ని వేలసార్లు చూచినా అతనికి విసుగు కలుగలేదు. రంగుల చిత్రాలు వచ్చాయి, వాటి వెనుకనే కంప్యూటర్లు వచ్చాయి, చీకటిగది మూతపడింది. ఆ గదిలోనే అతడు ఒక ఇంక్‌జెట్ ప్రింటరును, స్కానరును అమర్చుకొన్నాడు. మూడు స్థాయుల నలుపు సిరాలు గల యంత్రాలు 2005 ప్రాంతంలో వచ్చిన తరువాత, ఇన్నాళ్లకు తన పాత విద్యకు మళ్లీ ఒక చోటు దొరికిందని సంబరపడ్డాడు.

ఆ పాత విద్యలో ఒక సూత్రం ఉంది. వెండి లవణాల పూత గల కాగితంపై తీసిన చిత్రం తడిలో తేటగా కనిపిస్తుంది, ఆరిన తరువాత ఒక వన్నె నల్లబడుతుంది. అందుచేత పనివాడు తడిచిత్రాన్ని చూచి మోసపోకూడదు. అమెరికాకు చెందిన సుప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ పరీక్షా చిత్రాలను మైక్రోవేవ్ పొయ్యిలో ఆరబెట్టి గాని తీర్పు చెప్పేవాడు కాదు. కర్నూలు పనివానికి అటువంటి పొయ్యి లేకపోయినా మే నెల ఎండ ఉండేది, అది అంతకు తీసిపోయేది కాదు. సిరా మారినా ఆ సూత్రం మారదని అతడు నమ్మాడు. చిక్కు అక్కడే వచ్చింది.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచెత్తాయి. వాన కోసం ఏటేటా ఆకాశం వంక చూచే సీమలో నీరే శత్రువై వచ్చింది. పాతబస్తీ ఇళ్లలో నీరు తీసిన తరువాత బురద మిగిలింది. ఆ బురదలో నుండి జనం భూమి పత్రాలను, చదువుల సర్టిఫికెట్లను, పెళ్లిచీరలను ఏరుకొన్నారు. వాటి తరువాత వెదికినవి ఛాయాచిత్రాలు. పోయిన పట్టుచీరను మరల కొనవచ్చు. చనిపోయిన తల్లి చిత్రం ఏ అంగడిలో దొరుకుతుంది?

అలా వచ్చినవారిలో ఏభై ఏళ్లు దాటిన ఒక వ్యక్తి ఉన్నాడు. అతని తల్లి కడప జిల్లా ఆడపడుచు. పెళ్లికి ముందు ప్రొద్దుటూరిలో తీయించిన చిత్రమొక్కటే ఆమె గుర్తుగా మిగిలింది. వరదలో నాని అది పటం అద్దానికి అంటుకొని పోయింది. ఆమె గతించి ఏడాది కావస్తున్నది, కార్తీకంలో సంవత్సరీకం. చిత్రశాల యజమాని ఆ పటాన్ని చన్నీళ్ల పళ్లెంలో నానబెట్టి, ఓపికగా అద్దం నుండి చిత్రాన్ని విడదీశాడు. చీరకుచ్చెళ్ల వద్ద పూత కొంత ఊడిపోయింది గాని, దైవవశాన ముఖం నిలిచింది. నీడలో ఆరబెట్టి, స్కానరుకెక్కించి, చిరుగులు సరిచేసి, నున్నని మెరుపు లేని నూలు కాగితంపై ముద్రించదలచాడు. పాతచిత్రానికి ఆ కాగితమే తగినదని అతని అభిప్రాయం.

కొత్త కాగితం వచ్చినప్పుడు యంత్రానికి దాని స్వభావం తెలియదు. సిరాచుక్క కాగితంపై పడగానే కొంత వ్యాపిస్తుంది, అందువల్ల సగం నలుపు అడిగితే సగానికి మించిన నలుపు వస్తుంది. దీన్ని సరిచేయడానికి తెలుపు మొదలు పూర్తి నలుపు వరకు అయిదేసి పాళ్ల చొప్పున పెరిగే ఇరవైయొక్క గళ్ల పట్టీని ముద్రిస్తారు. ఏ గడి ఎంత నల్లబడిందో కొలిచి, అధికమైన చోట సిరాను తగ్గించి, తక్కువైన చోట పెంచి, మెట్లన్నీ సమంగా వచ్చేలా చూస్తారు. కొలిచే పరికరాలు ఖరీదైనవి. అతడు స్కానరునే కొలబద్దగా చేసుకొన్నాడు. అది తనంతట తాను వెలుగులు సవరించుకొనే ఏర్పాటును ఆపివేసి, చీకటిగది నాటి బూడిదవన్నెల పట్టీని పక్కన ఉంచి, రెంటినీ పోల్చేవాడు. పేదవాని పద్ధతే అయినా అందులో తప్పు లేదు. తప్పు వేళలో ఉంది. పట్టీ ముద్రించిన పావుగంటకు వేలి వెనుకభాగంతో తాకి చూచాడు, తడి తగలలేదు. వెంటనే కొలిచి, ఆ లెక్క ప్రకారం సిరాను సవరించి, తల్లి చిత్రాన్ని ముద్రించాడు. కంటికి సరిగ్గా ఉంది. ఆరితే కొంచెం నల్లబడినా ముఖానికి నిండుతనమే వస్తుందనుకొన్నాడు. ఆ సాయంత్రమే పటం కట్టించి ఇచ్చాడు. అప్పటికి దీపావళి ఇంకా రాలేదు.

కార్తీకం నడుమ ఆ పటం తిరిగి వచ్చింది.

“మా యమ్మ మొగం తెల్లబోయింది సూడన్నా” అన్నాడు కొడుకు.

అద్దం లోపల పొగమంచు వంటి పొర పట్టి ఉంది. యజమాని పటం విప్పి, అద్దం తుడిచి, వెలుగులో పట్టి చూచాడు. పొర పోయింది గాని తెలుపు పోలేదు. కనుబొమల కింది నీడ పలచబడింది, జడ బూడిదవన్నె కొట్టింది, ముక్కుపుడక చెంపలో కలిసిపోయింది. కొడుకు తిట్టలేదు, డబ్బు అడగలేదు. తిథి ఇక రెండు రోజులే ఉందని మాత్రం చెప్పాడు.

రెండు తప్పులకూ మూలం ఒక్కటే. ఈ సిరాలో ఉండే నలుపు సన్నని కర్బన రేణువుల వల్ల వచ్చేది. అవి నీటిలో తేలుతూ ఉంటాయి. సన్నని రంధ్రాలలో ఎండి గట్టిపడకుండా ఆ నీటికి గ్లైకాలు, గ్లిజరిన్ వంటి ద్రవాలను చేరుస్తారు. కాగితంపై నీరు నిమిషాలలో ఆవిరవుతుంది. గ్లైకాలు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి నిలిచి ఉంటుంది. వేలికి తగలనంత మాత్రాన అది పోయినట్లు కాదు. అద్దం వెనుక బంధించిన చిత్రం నుండి మెల్లగా వెలువడి అద్దానికి పట్టిన పొర అదే. ఇక తెలుపు సంగతి. కర్నూలు ప్రాంతపు రేగడి నేలను వాన కురిసిన నాడు, వారం తరువాత చూచిన రైతుకు దీన్ని వివరించనక్కరలేదు. తడిసిన మన్ను చిక్కని నలుపుతో ఉంటుంది, ఆరితే తేలిపోతుంది. రేణువుల నడుమ ద్రవం నిండినప్పుడు వెలుగు పైకి చెదరక లోపలికి పోయి ఇంకిపోతుంది, ద్రవం తొలగితే వెలుగు మరల చెదురుతుంది. అతడు ఎన్నుకొన్న నూలు కాగితం ఈ నేల వంటిదే. తడి నలుపును కొలిచి, అధికమనుకొని, సిరాను తగ్గించాడు. తీరా ఆరిన తరువాత ఉండవలసిన నలుపు లేకుండా పోయింది. మే నెలలో కర్నూలు పొడిగాలి ఈ తప్పును ఇంతగా బయటపడనిచ్చేది కాదేమో. వరద తరువాతి గోడలు చెమ్మ కక్కుతున్న రోజులవి.

మన పూర్వులకు ఈ సమస్య వేరొక రూపంలో ఉండేది. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, మెరుగుదిద్దిన తరువాతనే గంటం పట్టేవారు. గీసిన అక్షరంలో దీపపు మసి పూసి తుడిస్తే నలుపు గీతలోనే నిలిచేది. ఆరవలసిన పని అంతా రాతకు ముందే ముగిసేదన్నమాట. మసి కూడా కర్బనమే. ప్రింటరు సిరాలోని నలుపుకూ దానికీ బంధుత్వం ఉంది. కాగితం వచ్చిన తరువాత ఓపిక రాతకు వెనుకకు జరిగింది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన బంగళాలో పండితులను నియమించి, సొంత ధనంతో కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, పాఠాన్ని తేల్చేవాడు. చేతికందిన మొదటి ప్రతినే నమ్మి ఉంటే ఆయన పని ఎంతో త్వరగా ముగిసేది. ఆ బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారి కృషితో వెలసిన గ్రంథాలయం నేడు భాషా పరిశోధన కేంద్రమై ఉంది. కడప వెళ్లిన విద్యార్థులు దాన్ని చూడకుండా రావడం న్యాయం కాదు.

మళ్లీ పట్టీ ముద్రించి ఆరనిస్తే ఒక రోజు గడిచిపోతుంది, చిత్రానికి మరొక రోజు కావాలి, పటానికి వేళ ఉండదు. యజమాని సొరుగులన్నీ వెదికాడు. మూడు వారాల నాటి పట్టీ ఒక పాత కవరులో దొరికింది. అది ఇప్పుడు పూర్తిగా ఆరిన పట్టీ. మళ్లీ కొలిస్తే నలుపు వైపు గళ్లన్నీ వెనుకటి లెక్క కంటె పలచగా ఉన్నాయి. తెలుపు వైపు గళ్లు ఇంచుమించు కదలలేదు. ఆ పట్టీ అతనికి ఒక రోజును మిగిల్చింది. కొత్త లెక్కతో సిరాను సవరించి, ఆ రాత్రే చిత్రాన్ని ముద్రించాడు.

కాగితం బయటికి రాగానే కొడుకు ముఖం వాడింది. తల్లి ముఖం మసి పులిమినట్లుంది.

“ఇంత నల్లగ యాడుందన్నా మా యమ్మ? రవ్వంత తగ్గియ్యి.”

యజమాని చేయి మీట మీదికి వెళ్లింది. నలభై ఏళ్ల చీకటిగది విద్య అంతా, ఆరితే ఇంకా నల్లబడుతుందనే చెబుతున్నది. చేయి వెనక్కు తీసుకొన్నాడు.

“తగ్గిచ్చను. పోయినసారి తగ్గిచ్చే ఇట్లాయె. రేపు రాత్రి దాంకా నిలుప్పా.”

గంటసేపు గాలికి వదిలి, తరువాత దానిపై అచ్చువేయని తెల్లకాగితం కప్పి, పైన పలక ఉంచాడు. ఆ కాగితం గ్లైకాలును పీల్చుకొంటుంది. నాలుగేసి గంటలకు దాన్ని తీసివేసి కొత్తది వేశాడు. ఆ రాత్రి రెండుమార్లు లేచి వచ్చి, పలక ఎత్తబోయి, ఎత్తకుండానే వెళ్లి పడుకొన్నాడు.

తిథి నాటి తెల్లవారుజామున కొడుకు స్నానం చేసి తడితలతోనే వచ్చాడు. యజమాని పలక తీసి, కాగితం తొలగించాడు. కనుబొమల కింద నీడ నిలిచింది. జడ నల్లగా, జడలోని పూలు తెల్లగా, దేని చోట అది ఉంది. నీడపడిన చెంప మీద ముక్కుపుడక చిన్న చుక్కగా మెరుస్తున్నది. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు.

“అద్దం?” అన్నాడు చివరకు.

“ఈ పొద్దు అద్దం వద్దు. చట్రంలో ఊరికే నిలబెట్టు. కార్యమైనాక వారానికి తీసుకురా, అప్పుడు బిగిస్తా.”

అద్దం లేని పటాన్ని రెండు చేతులా పట్టుకొని అతడు మెట్లు దిగాడు.