ఎత్తడంలోని నేర్పు

మధ్యతరగతి ఇంట స్కూటరు వాహనమాత్రం కాదు, జీవనాధారం. సెలవునాడు దానిని స్వయంగా బాగుచేసుకోదలచిన గృహస్థు ముందుగా ఎరుగవలసినది దానిని నిలబెట్టే విధానం. సుమారు 100 కిలోల బరువును భుజబలంతో లేపబూనితే నడుముకు ముప్పు. సమతలమైన గట్టి నేలపై మధ్య స్టాండు రెండు కాళ్లనూ సమంగా ఆనించి, దాని తొక్కుడు కడ్డీపై దేహభారమంతా మోపాలి. అప్పుడు స్టాండు మీటవలె పనిచేసి బండిని లేపుతుంది; చేతులు ఆసరాగా ఉంటే చాలు.

పిమ్మట ముందుచక్రానికి ఇరువైపులా ఇటుకలు అడ్డుపెట్టాలి. ఎంత నిశ్చలంగా నిలిచినా, బిగిసిన నట్టును బలంగా లాగినప్పుడు బండి స్టాండు మీది నుంచి జారవచ్చు. అందుకే పానా పట్టకముందే, పక్కన ఆడుకొనే పసివారిని దూరంగా పంపాలి. ఆగిన పనిని మరునాడు చేసుకోవచ్చు; నలిగిన పసివేలిని మునుపటివలె చేయడం ఎవరి తరమూ కాదు.