వగరుకు మార్కులు

హిందూపురం నుంచి బెంగళూరు రైలెక్కితే దారిలో దొడ్డబళ్ళాపురం వస్తుంది. అక్కడే, నంది కొండల దగ్గర, వైన్ తయారుచేసే గ్రోవర్ వాళ్ళ ద్రాక్షతోటలు. వాళ్ళ 'లా రిజర్వ్' రెడ్ వైన్‌లో కాబర్నే సావిన్యాన్, షిరాజ్ ద్రాక్షలు కలుస్తాయి.

నిన్న రాత్రి పెనుకొండలో స్నేహితుడి ఇంట్లో మూడు సీసాలకు పేపరు చుట్టి, పేర్లు కనపడకుండా రుచి చూశాం. తెల్ల తువ్వాలు మీద గ్లాసు వంచితే అంచున నేరేడుపండు రంగు. గుక్క నోట్లో తిప్పితే చిగుళ్ళను పట్టేసే వగరు. ఆ వగరు టానిన్ వల్లే. వక్క నమిలినవాళ్ళకు కొత్తేం కాదు. రెండో గ్లాసులో మాత్రం ఆ వగరు ధర్మవరం పట్టులా మెత్తగా జారింది. 20కి 15 వేశాను. పేపరు విప్పితే లా రిజర్వ్! మన పక్క నేల పంట అని తెలిసి మనసు నిండిపోయింది.

1976లో పారిస్‌లోనూ ఇలాగే పేర్లు దాచి 20కి మార్కులు వేస్తే, కాలిఫోర్నియా కాబర్నే ఫ్రెంచి వైన్లను దాటి మొదటి స్థానంలో నిలిచింది.

హిందూపురం మార్కెట్లో చింతపండు కొనేటప్పుడు మనమూ చిన్న ముక్క నోట్లో వేసుకునే కదా బేరమాడతాం. పేరును, ధరను పక్కనపెట్టి నాలుకను నమ్మండి.