ఒకటో తారీఖు వేలిముద్ర

బెజవాడలో ప్రకాశం బారేజి ఎడమ గట్టున నిలబడితే కృష్ణ నీళ్ళు కాలవల్లోకి మళ్ళి డెల్టాలోకి దిగిపోవడం కనిపిస్తుంది. ఏలూరు కాలవ, రైవిసు కాలవ, బందరు కాలవ అన్నీ ఇక్కడి నీళ్ళే. 1855లో పూర్తి అయిన పాత ఆనకట్ట 1952లో దెబ్బతింటే, దాని స్థానంలో 1957 నాటికి ఈ బారేజి లేచింది. ఈ నీళ్ళే మా వైపు వాళ్ళకు అన్నం పెట్టాయి, అన్నం మిగిలినవాళ్ళకు చదువు చెప్పించాయి, చదువుకున్నవాళ్ళను విమానం ఎక్కించాయి. వెళ్ళినవాళ్ళను వెనక్కి తెచ్చే కాలవ మాత్రం ఇంకా ఎవరూ తవ్వలేదు.

మొన్న జూలై ఒకటో తారీఖున చీకటితోనే పండిట్ నెహ్రూ బస్ స్టేషనులో బందరు బస్సు ఎక్కాను. పెనమలూరు, కంకిపాడు దాటేసరికి తెల్లగా తెల్లవారింది. వుయ్యూరులో దిగి, నలుగురి మధ్య ఇరుక్కుని ఆటోలో మా మేనత్తగారి వూరు చేరుకున్నాను. మేనత్త ఇప్పుడు లేదు గాని, ఆవిడ పంచిపోయిన చుట్టరికాలు ఇంకా వున్నాయి.

ఆ వీధిలో నడుస్తూ వుంటే మొదట కంటికి కనిపించేవి తాళాలు. రెండంతస్తుల మేడలు, పాలరాతి మెట్లు, గుమ్మం మీద తల్లిదండ్రుల పేర్లు, గేటుకు పెద్ద తాళం! అమెరికా ప్రభుత్వం 1965లో వలస చట్టం మార్చాక ముందు డాక్టర్లు వెళ్ళారు. కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ పెట్టిన తరువాత మా పొలాల వైపు పిల్లలకు ఇంజనీరు చదువు సైకిలు దూరానికి వచ్చింది. ఇప్పుడు మేడల వాళ్ళ పిల్లలే వెళ్తున్నారనుకుంటే పొరపాటే సుమండీ. బ్యాంకు అప్పు మీద కూలివాళ్ళ పిల్లలూ వెళ్తున్నారు. ఆ పిల్లలకు బిడ్డలు పుట్టేవేళ అమ్మమ్మలు కావలసి వస్తారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఒకటో తారీఖున వూరు పెందలాడే లేస్తుంది. సచివాలయం ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి పింఛన్లు పంచే రోజు అది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం వృద్ధాప్య పింఛను మొదలు పెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో అది 2014 అక్టోబరుకు 1,000, 2019లో 2,000 అయింది. 2024 జూలై నుంచి 4,000. అరవై దాటిన పేదలకు, భర్త పోయిన ఆడవాళ్ళకు ఆ సొమ్ము గుమ్మంలోకే వస్తుంది.

ఈ నాలుగు వేలను తేలికగా చూడకండి. ముసలితనంలో డబ్బు లేకపోవడం కంటే డబ్బు అడగవలసి రావడం కష్టం. కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే; అయినా కళ్ళజోడు విరిగిందని చెప్పడానికి రెండు రోజులు ఆలోచించే తల్లులను నేను చూచాను. ఎవరినీ అడగకుండా చేతికి వచ్చిన నోటుకు విలువ వేరు. అందులోంచే మాత్రలు, అందులోంచే ఆకూ వక్కా, అందులోంచే మనుమడి చేతిలో పది రూపాయలు.

వచ్చిన అమ్మాయి చేతిలో ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర యంత్రం. నలభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపులు తీసిన వేళ్ళకు గీతలు ఎక్కడ మిగులుతాయి? ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, అదీ పడకపోతే కన్ను, ముఖం. ఏదో ఒకటి కుదిరిందాకా ఆ అమ్మాయి ఓపికగా అరుగు మీద కూర్చుంటుంది. యంత్రం ప్రతి నెలా అడిగేది ఒకటే ప్రశ్న: “ఇక్కడ వున్నావా?” వెనకటిలాగా పక్కవాళ్ళు సంతకం పెట్టి తీసుకుని, వచ్చాక ఇద్దామనడానికి వీలులేదు.

మా చుట్టాల ఇంటి పక్కన ఒక రిటైరు మాస్టారు వున్నారు. ఆయనదీ పింఛనే, కాని జాతి వేరు. ముప్పై మూడేళ్ళు సుద్దముక్క పట్టుకుని సంపాదించుకున్నది. ఆయన న్యూజెర్సీలో కూతురి దగ్గర ఎన్నాళ్ళు వున్నా బ్యాంకులో పడుతూనే వుంటుంది. ఏడాదికి ఒకసారి బతికే వున్నానని నిరూపించుకుంటే చాలు. దానికోసం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ పనీ కంప్యూటరు మీదే అయిపోతున్నది. “నన్ను బతికున్నావా అని అడుగుతారు గాని, ఎక్కడున్నావని అడగరోయ్,” అన్నారాయన మీసం దువ్వుకుంటూ. సంపాదించుకున్న పింఛను మనిషి వెంట నడుస్తుంది. అవసరం చూచి ఇచ్చిన పింఛను ఇంటి గుమ్మంలోనే కూర్చుంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

అటు అమెరికాలోనూ ఇదే తేడా వుంది. అక్కడ ఉద్యోగం చేసి, పన్ను కట్టి సంపాదించుకున్న పింఛను ఒకటి. 1974 జనవరి నుంచి నడుస్తున్న ఎస్.ఎస్.ఐ. అనే సాయం ఇంకొకటి. అరవై అయిదు నిండి, ఆదాయమూ ఆస్తీ లేనివాళ్ళకు ఇస్తారు. 2025లో ఒంటరి మనిషికి గరిష్ఠంగా నెలకు 967 డాలర్లు, దంపతులకు 1,450. పిల్లల పిలుపు మీద వెళ్ళి, అక్కడే స్థిరపడి, పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు కొందరు దీన్ని అందుకుంటున్నారు. 1996లో చట్టం బిగించాక పౌరులు కానివాళ్ళకు అది దొరకడం చాలా కష్టం.

దాని షరతు ఏమిటంటే, వరుసగా ముప్పై రోజులు ఆ దేశంలో లేకపోతే సాయం ఆగుతుంది. బయలుదేరిన రోజూ, తిరిగి దిగిన రోజూ లెక్కలోకి రావు. తిరిగి వెళ్ళాక మళ్ళీ ముప్పై రోజులు అక్కడ కదలకుండా వుంటేగాని మొదలు కాదు. వెళ్ళిన సంగతి తరువాతి నెల పదో తారీఖు లోపల ఎవరికి వారే చెప్పుకోవాలి. సంక్రాంతికి వచ్చిన పెద్దలు కొందరు కనుమ నాడే కాలెండరు ముందు నిలబడి వేళ్ళు మడుస్తూ వుండడానికి కారణం ఇదే.

మొగల్రాజపురంలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ వరుసగా మూడు శీతాకాలాలు ఇక్కడ రెండేసి నెలలు గడిపింది. అక్కడ ఎవరికీ చెప్పలేదు. మోసం చేద్దామని కాదు, చెబితే మొత్తం తీసేస్తారేమోనన్న భయం. పూర్వం చెక్కు తపాలాలో వచ్చేదట. ఇప్పుడు సొమ్ము నిశ్శబ్దంగా బ్యాంకులో పడిపోతుంది. తలుపు తట్టేవాడు లేడు, వేలు అడిగేవాడు లేడు. ఆ నిశ్శబ్దాన్నే ఆవిడ అనుమతి అనుకున్నది. నాలుగో ఏట పునఃపరిశీలనకు పిలిచి పాస్‌పోర్టు చూపమన్నారు. దాని మీద గన్నవరం, ఢిల్లీ, అన్నీ ముద్రలై కూర్చున్నాయి! ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి కట్టమన్నారు. నెలనెలా కొంత కొంత మినహాయించుకునే వీలూ, కట్టలేనని అర్జీ పెట్టుకునే వీలూ వున్నాయి గాని, కావాలనే దాచారని తేలితే మొదటిసారికే ఆరు నెలలు సాయం ఆపుతారు. ఆవిడ అర్జీ ఇంకా తేలలేదు. “డబ్బు పోతే పోయింది నాయనా, మా అబ్బాయి ముందు దొంగలా నిలబడ్డాను,” అన్నది.

అదే షరతును ఇంకొకాయన ఇంకోలా దాటారు. అన్నగారికి జబ్బు చేస్తే టెక్సాసు నుంచి మా మేనత్త వూరికి వచ్చారు. ఇరవై ఎనిమిదో రోజుకు టికెట్టు వుంది. అన్నగారి వూపిరి అంతకు ముందే పోయేలా లేదు. ఆయన టికెట్టు మార్చుకుని, కోడలి చేత అక్కడి కచేరీకి ఫోను చేయించారు. పెద్దకర్మ దాకా వున్నారు. మూడు నెలల సొమ్ము రాలేదు, అంతే. తరువాత మళ్ళీ మొదలైంది. మనకు తెలిసిన పెద్దలందరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు. చెప్పినవాడికి పోయేది కొన్ని నెలల సొమ్ము. చెప్పనివాడికి అంతకు పదిరెట్లు నిద్ర పోతుంది.

ఇంతకూ జూలై ఒకటిన నేను చూచినది చెప్పాలి. వీధి చివర రేకుల ఇంట్లో ఒక మామ్మ వుంటున్నది. భర్త పోయి ఇరవై ఏళ్ళు. మనుమరాలు అప్పు చేసి చదువుకుని డల్లాసులో వుద్యోగంలో చేరింది. ఆగస్టు నెలాఖరుకు పురుడు. పిల్ల తల్లి లేదు కాబట్టి ఈ మామ్మే వెళ్ళాలి. వీసా వచ్చింది. చూడ్డానికి వెళ్ళేవాళ్ళను మామూలుగా ఆరు నెలలు వుండనిస్తారు గనుక ఇంటిల్లిపాదీ ఆరు నెలలకే లెక్క వేసుకున్నారు. ఇరుగుపొరుగు ఇచ్చిన సలహా మాత్రం ఒకటే: “సచివాలయంలో చెప్పకు. చెప్పావంటే పేరు కొట్టేస్తారు.”

మామ్మ బొటనవేలు యంత్రం మీద పెట్టి, తీసి, కొంగుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. పడింది. నోట్లు లెక్క పెట్టుకోకుండానే, “అమ్మాయ్, నేను దేశం దాటి వెళ్ళొస్తే నా డబ్బులు వుంటాయా, పోతాయా?” అని అడిగేసింది. అరుగు మీది వాళ్ళంతా వులిక్కిపడ్డారు.

ఆ అమ్మాయి కోపగించుకోలేదు. “ఎన్నాళ్ళు మామ్మా?” అన్నది. తరువాత చెప్పింది. ఒక నెల తీసుకోకపోతే రెండో నెలలో రెండు నెలలదీ ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే మాత్రం వలసపోయినట్టు లెక్క, పింఛను ఆగిపోతుంది. వచ్చాక మళ్ళీ సచివాలయం చుట్టూ తిరిగి అడుక్కోవలసిందే. ఈ వెసులుబాటు 2024 చివరలో వచ్చింది. అంతకుముందు తీసుకోని నెల పోయినట్టే.

నియమం అన్యాయమని నేను అనను. వూళ్ళో లేనివాళ్ళ పేరున సొమ్ము నడుస్తూ వుంటే వూళ్ళో వున్నవాళ్ళకు తగ్గుతుంది. కాని అమెరికావాడి గడియారం ఆరు నెలలది, మన గడియారం మూడు నెలలది. రెంటి మధ్యా ఒక పురిటి మంచం వున్నదని ఏ గడియారానికీ తెలియదు. పోనీ, అంత ఖర్చు పెట్టి టికెట్టు కొన్నవాళ్ళు మూడు నెలలకే వెనక్కి తిరగాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

అమ్మాయి వేళ్ళు మడిచింది. “ఆగస్టు ఒకటిన తీసుకుని రెండున విమానం ఎక్కు. సెప్టెంబరూ అక్టోబరూ పోనీ. నవంబరు ఒకటికి ముందే వచ్చి ఈ అరుగు మీద వుండు. పన్నెండు వేలూ ఒక్కసారే ఇస్తా.”

మామ్మ నావైపు తిరిగింది. “ఆగస్టు ఆఖరుకి పుడితే, నవంబరుకి బిడ్డకి ఎన్నో నెల బాబూ?”

మూడో నెల అని చెప్పాను.

ఆమె నోట్లు మడిచి రొంటిన దోపుకుంటూ కాసేపు ఆలోచించింది. “అయితే బారసాలకి వుంటాను,” అన్నది. “అన్నప్రాసన ఫోనులో చూపించమని చెప్తా.”